పరవాడ ఎండలో పండు సెంటు

ఫిబ్రవరి నెలాఖరు నుంచే మొదలైపోతుంది. ఫోన్ తెరిస్తే చాలు, మామిడి సెంటు, పైనాపిల్ సెంటు, కొబ్బరి సెంటు. వేసవి పగటిపూటకి ఇదే కరెక్ట్ అని రాసి, పక్కన నీలి సముద్రం, ఒక ఊయల, చేతిలో కొబ్బరిబొండం పట్టుకున్న అమ్మాయి. ఆ బొమ్మలో ఎవరికీ చెమట పట్టదు. లంకెలపాలెం జంక్షన్‌లో పదకొండు గంటల ఎండలో షేర్ ఆటో కోసం ఎవరూ నిలబడరు. పక్కవాడి చంక కింద తలపెట్టి బస్సులో ప్రయాణం చెయ్యరు.

అందుకే ఈ వారం ఆ సీసాని ఊయల దగ్గర్నుంచి లేపి పరవాడ తీసుకొద్దాం. పరవాడే ఎందుకంటారా? వాసనల విషయంలో ఈ ఊరికి ఉన్నంత అనుభవం చాలా ఊళ్ళకి లేదు. ముత్యాలమ్మపాలెం వైపు వెళ్తే ఉప్పుగాలి, ఎండుచేపలు. ఇటు చూస్తే సింహాద్రి థర్మల్ పవర్ స్టేషన్ పొగగొట్టాలు. అటు చూస్తే రెండు వేల ఎకరాలకి పైగా పరుచుకున్న ఫార్మాసిటీ. 2022 ఏప్రిల్ నుంచి మన జిల్లా కేంద్రమైన అనకాపల్లి వైపు పోతే, దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. ఇన్ని వాసనల మధ్య బతికే ముక్కు దగ్గర పాసైన సెంటు ఇంకెక్కడైనా పాసైపోతుంది.

ముందే చెప్పేస్తున్నా, పండు సెంట్లంటే నాకు ఇష్టమే. వాటిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఏ ఎండకి ఏది, ఎంత, ఎక్కడ అన్నదే మన లెక్క. ఆ లెక్క చేస్తూ పోతే సెంటు సీసా దాటి ఇంకో సంగతి దగ్గరికి వెళ్ళాల్సొస్తుంది. అక్కడికీ వెళ్దాం.

సీసాలో పండు ఎంత?

దాదాపు సున్నా. మల్లె, గులాబీ, సంపెంగల నుంచి సువాసన తీస్తారు. నిమ్మ, నారింజ తొక్కల్ని పిండినా నూనె వస్తుంది. మామిడి, పైనాపిల్, అరటి అలాంటివి కావు. వాటి గుజ్జులో ఎక్కువ భాగం నీళ్ళు, ఆ తరవాత చక్కెర. సువర్ణరేఖ మామిడిపళ్ళు బుట్టలకొద్దీ తెచ్చి బట్టీ పెట్టినా, సెంటులో వాడుకునేంత నూనె చేతికి రాదు. కాబట్టి సీసా మీద బొమ్మ పండుదే గానీ లోపల వాసన మాత్రం ల్యాబ్‌లో ఒక్కో అణువూ కలిపి పేర్చింది.

ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ గుర్తు తెచ్చుకోండి. పరీక్షనాళికలో ఆమ్లం, ఆల్కహాల్, రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేస్తే ఏమొచ్చింది? రికార్డులో 'పండ్ల వాసన' అని రాసి మేడమ్ దగ్గర సంతకం పెట్టించుకున్నాం కదా. అదే ఎస్టర్. పండు సెంట్ల వ్యాపారంలో సగం ఆ పరీక్షనాళిక మీదే నడుస్తోంది. ఇథైల్ బ్యూటిరేట్ అంటే పైనాపిల్. ఐసోఅమైల్ ఎసిటేట్ అంటే అరటిపండు. కొబ్బరి వాసన గామా నోనాలాక్టోన్ అనే ఇంకో రకం పదార్థానిది. సెంటు వ్యాపారంలో దాన్ని 'ఆల్డిహైడ్ సి-18' అంటారు. తమాషా ఏంటంటే అది ఆల్డిహైడే కాదు. పాత పేరు అలా అతుక్కుపోయింది, మన కోడ్‌లో పదేళ్ళ కిందటి వేరియబుల్ పేరులాగా.

మామిడి మాత్రం అంత తేలిగ్గా లొంగదు. తియ్యదనానికి లాక్టోన్లు కావాలి. కాయ కోసినప్పుడు తొడిమ దగ్గర కారే సొనలో ఒక ఘాటు ఉంటుంది చూడండి, దానికి టెర్పీన్లు కావాలి. వీటన్నిటికీ తోడు లెక్కలోకి రానంత కొంచెంగా గంధకం కలిసిన పదార్థాలు. ఉష్ణదేశపు పళ్ళకి ఆ మగ్గిన, కాస్త అల్లరి వాసన వచ్చేది వీటివల్లే. ఇవి లేని మామిడి సెంటు పెరట్లో పండులా ఉండదు, మామిడి చాక్లెట్ కాగితంలా ఉంటుంది. ఈ గంధకం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

పండ్ల వాసన సెంట్లలోకి రావడం నిన్నమొన్నటి మాటేం కాదు. 1919లో గెర్లాన్ అనే ఫ్రెంచ్ సంస్థ తెచ్చిన మిత్సుకోలో పీచ్ పండు వాసన ల్యాబ్‌లో చేసిందే. వేసవికో కొత్త పండు సీసా అనే అలవాటుని గట్టిగా నాటింది ఎస్కాడా. 1993లో షిఫాన్ సోర్బేతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి వేసవి సీసాలు వదిలింది. 2005లో వచ్చిన రాకిన్ రియో దగ్గరికొచ్చేసరికి పైనాపిల్, కొబ్బరి. ఇప్పుడు మీ ఫోన్‌లో కనిపించే సమ్మర్ సెంట్లలో చాలావాటికి మేనత్తలూ పెద్దమ్మలూ వీళ్ళే.

ఇంకొకటి ఉంది. సముద్రపు గాలిలో కోసిన పుచ్చకాయ ముక్కలా ఉండే కాలోన్ అనే పదార్థం. 1992లో ఇసే మియాకే సీసాలో, 1996లో ఆక్వా డి జియోలో అది ఊరూరా తిరిగింది. దాన్ని 1960లలో కనిపెట్టింది ఎవరో తెలుసా? ఫైజర్ శాస్త్రవేత్తలు. మందుల కంపెనీ! సెంటుకీ మందుబిళ్ళకీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదన్నమాట.

ఎండకి ఏం జరుగుతుంది?

సెంటు అంటే ఎక్కువగా ఆల్కహాల్, అందులో కరిగిన వాసన పదార్థాలు. ఒంటిమీద పడగానే ఆల్కహాల్ ఎగిరిపోతుంది. తరవాత తేలికైన అణువులు, ఆఖర్న బరువైనవి లేస్తాయి. పండ్ల ఎస్టర్లు తేలిక జాతి. డిసెంబర్‌లో అరగంట నిలిచే పైనాపిల్ మే నెలలో ఆటో ఎక్కేలోపే సగం అయిపోతుంది. మిగిలేది కింద పరిచిన వెనిలా, కొబ్బరి, కస్తూరి. కాబట్టి మీరు కొన్నది పైనాపిల్ అయినా, మధ్యాహ్నం మీ పక్కన కూర్చున్నవాళ్ళు పీల్చేది వెనిలానే.

సముద్రం పక్క ఊళ్ళకి ఇంకో తంటా ఉంది. చెమట ఆరదు. ఉక్కలో తియ్యటి వాసన చెమటతో కలిసి అలాగే వేలాడుతుంది. ఏసీ షాపులో చాలా బాగుందనిపించిన తీపి సెంటు బయట రెండు గంటలయ్యేసరికి పాకం ముదిరినట్టు తయారవుతుంది. బెల్లం వండే చోటు చూసినవాళ్ళకి తెలుసు, పాకం వాసన దూరం నుంచి ఎంత కమ్మగా ఉంటుందో, పెనం పక్కనే నిలబడితే ఎంత ఊపిరాడకుండా చేస్తుందో.

కాబట్టి మా ఊరి పగటిపూటకి ఎంచుకునేటప్పుడు ఇవి చూడండి. మామిడైనా కొబ్బరైనా దానితోపాటు నిమ్మజాతి, అల్లం, టీ ఆకు, పుచ్చకాయలాంటి పుల్లటి, చల్లటి వాసన ఏదో ఒకటి ఉండాలి. వెనిలా, కారమెల్ పైన కనిపిస్తే సాయంత్రానికి దాచుకోండి. ఓ ద పర్ఫ్యూమ్‌లో వాసన పదార్థం సుమారు 15 నుంచి 20 శాతం ఉంటే, ఓ ద త్వాలెత్‌లో 5 నుంచి 15, కొలోన్‌లో ఇంకా తక్కువ. పగలు తక్కువదే మేలు. ఎక్కువసేపు నిలుస్తుంది కదా అని గాఢమైనది కొనడం, ఏప్రిల్‌లో ఉన్ని దుప్పటి మన్నిక చూసి కొనడంలాంటిది.

షాపులో కాగితం మీద వాసన చూసి డబ్బులు కట్టెయ్యకండి. మణికట్టు మీద ఒకసారి కొట్టించుకుని బయటికి రండి. ఎండలో ఒక టీ తాగండి. రెండు గంటలయ్యాక కూడా నచ్చితే అది మీది. మొదటి పది నిమిషాల పండుని చూసి కొనడం, ట్రైలర్ చూసి బెనిఫిట్ షోకి టికెట్ కొన్నట్టే.

మన పెరట్లో ఉన్న పండు సెంటు

మార్కెట్లోకి వచ్చినవాళ్ళు ట్రాపికల్ అని మనకి అమ్ముతున్నారు గానీ, ఉష్ణదేశం అంటే మనమేనండీ బాబూ. పండు వాసన వేసే పువ్వు మనకి ఎప్పట్నుంచో ఉంది. మనోరంజితం అంటారు. తెలుగులో దానికి ఇంకో అందమైన పేరు కూడా ఉంది, సకలఫల సంపెంగ. పేరుకి సంపెంగే గానీ జాతికి సీతాఫలం చుట్టం. పువ్వు మొదట ఆకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. పసుపు తిరిగాక వాసన మొదలవుతుంది. అప్పుడు చూడాలి! ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసన వేస్తుందని పెద్దవాళ్ళు అంటారు. మా పెద్దమ్మని అడిగితే పనసపండు అంటుంది. నాకు మాత్రం మాగిన అరటిపండు, చిటికెడు పైనాపిల్.

మాయేం లేదు. ఆ పువ్వు వాసనకి కారణం కూడా ఎస్టర్లే. రకరకాల పళ్ళలో ఉండేవే ఒకచోట కలవడంతో, ముక్కు తనకి బాగా తెలిసిన పండు పేరు చెబుతుంది. ఒక్క పువ్వు చేతిరుమాలులో మడిచి పెట్టుకుంటే పూటంతా వస్తుంది. ఖర్చు లేదు, పక్కవాళ్ళకి తలనొప్పి లేదు. పెరడు ఉన్నవాళ్ళు ఒక మొక్క వేసుకోండి.

పరవాడలో పండు వాసన వస్తే

ఇక అసలు సంగతి. పైనాపిల్ ఘాటుగా ఉండే ఒక సెంటు కొట్టుకుని, కిందటి వేసవిలో మా బావ వాళ్ళింటికి వెళ్ళాను. బావ ఒక మందుల కర్మాగారంలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తాడు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన వీధి వైపు చూశాడు.

"ఏరా, ఎసిటేట్ వాసనొస్తందేటి? గాలి ఎటుంది?"

"గాలి కాదు బావా, నేనే. సెంటు."

నవ్వాడు. నవ్వి ఒక మాటన్నాడు.

"మా కాడ పండు వాసనొస్తే పండు కోసం ఎతకం రా. వాల్వు కోసం ఎతుకుతాం."

ఆ మాట వెనక రసాయన శాస్త్రం ఉంది. మందుబిళ్ళలో అసలు మందు తయారు చెయ్యాలంటే దాన్ని ఒక ద్రావణిలో కరిగించాలి, స్ఫటికాలుగా రాబట్టాలి, వడగట్టాలి, ఆరబెట్టాలి. మెథనాల్, ఎసిటోన్, టోలుయిన్‌లతోపాటు ఈ పనిలో బాగా వాడేది ఇథైల్ ఎసిటేట్. గోళ్ళరంగు తుడిచే మందు వాసన గుర్తుందా? ఆ తియ్యటి వాసన. అది కూడా ఎస్టరే. మాగిన పళ్ళలో కొంచెం ఉండేదే, ఇక్కడ డ్రమ్ముల్లో, ట్యాంకర్లలో ఉంటుంది.

మందు తయారయ్యాక అందులో ద్రావణి ఎంత మిగిలిందో గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం మీద కొలుస్తారు. మా బావ పని అదే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మందు ద్వారా మనిషి ఒంట్లోకి రోజుకి 50 మిల్లీగ్రాముల వరకు ఇథైల్ ఎసిటేట్ వెళ్ళినా ఫర్వాలేదని లెక్క. తక్కువ ప్రమాదం ఉన్న తరగతిలో ఉంది కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు. టోలుయిన్‌కి అంత ఉండదు. ఎక్కడో దేశంలో ఎవరో మింగే బిళ్ళలో ఎంత పండు వాసన మిగిలిందో మిల్లీగ్రాముల్లో తేల్చి చెప్పే ఊరు మాది.

అందుకే ఇక్కడ ముక్కు అలంకారం కోసం కాదు. అదొక పనిముట్టు.

ముక్కు అనే సైరన్

వంటగ్యాస్‌కి స్వతహాగా వాసన ఉండదు. లీకైతే మనకి తెలియాలని ఇథైల్ మెర్‌క్యాప్టన్ అనే గంధకం పదార్థాన్ని కావాలని కలుపుతారు. ఇందాక మామిడి అల్లరికి కారణం అని చెప్పానే, ఆ గంధకం పదార్థాలకి ఇది దగ్గరి బంధువే. పండులో లేశమాత్రంగా ఉంటే నోరూరుతుంది. వంటింట్లో తగిలితే కిటికీలు తెరుస్తాం. చుట్టరికం ఒకటే, ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నదే తేడా.

తేనెటీగల కథ ఇంకా బాగుంటుంది. ఒక ఈగ కుట్టినప్పుడు మిగతా ఈగల్ని రమ్మని పిలిచే హెచ్చరిక వాసన ఒకటి వదులుతుంది. అందులో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఎసిటేట్. మన అరటిపండు సెంటు! మనకి వేసవి సెలవులు గుర్తొచ్చే వాసన, వాటికి యుద్ధం సైరన్. తేనెపట్టు ఉన్న చెట్టు కిందికి అరటి సెంటుతో వెళ్ళకండి.

కానీ ఈ సైరన్‌ని పూర్తిగా నమ్ముకోడానికి వీల్లేదు. రెండు కారణాలున్నాయి.

ఒకటి, ముక్కు అలవాటు పడిపోతుంది. ఒకే వాసన పీలుస్తూ ఉంటే కాసేపటికి మెదడు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. మన సెంటు మనకి తెలియకపోవడానికి కారణం ఇదే. పోయిందనుకుని ఇంకో నాలుగుసార్లు కొట్టుకుంటాం. పక్కవాడు కళ్ళు తుడుచుకుంటాడు. కొన్ని వాయువులు ఇంకా దుర్మార్గమైనవి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, గాలిలో పది లక్షల పాళ్ళకి 100 పాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన ఆగిపోయింది, ఇక భయం లేదు అనుకునే క్షణమే అన్నిటికంటే ప్రమాదమైనది.

రెండు, ప్రమాదం ఎప్పుడూ చెడువాసనతోనే రాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ 12 మంది ప్రాణాలు తీసింది. కొద్దిపాటిగా ఉన్నప్పుడు స్టైరీన్ వాసన తియ్యగానే ఉంటుంది. అదే ఏడాది జూన్ నెలాఖరులో పరవాడ ఫార్మాసిటీలోని ఒక కర్మాగారంలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. ఇక్కడి ఇళ్ళల్లో ఇవి పేపర్లో చదివిన వార్తలు కావు. రాత్రి డ్యూటీ నుంచి మనిషి ఇంటికి వచ్చాడా లేదా అన్న ఫోన్ కాల్స్.

ఇప్పుడు పండు సెంటుకి రండి. ఎసిటేట్ వాసన పసిగట్టాల్సిన చోట ఎసిటేట్ కలిసిన సెంటు కొట్టుకుని నిలబడితే ఏమవుతుంది? మీ ముక్కు ఆ వాసనకి ముందే అలవాటు పడిపోయి ఉంటుంది. పక్కవాళ్ళకి వచ్చిన అనుమానం కూడా మీ చొక్కా మీదకి పోతుంది. "ఆడి సెంటేలే" అని పనిలో పడిపోతారు. ఇలా జరిగే తీరుతుందని నేననడం లేదు. ఇలాంటి అవకాశానికి చోటివ్వకపోవడమే తెలివి.

మందులు తయారయ్యే శుభ్రమైన గదుల్లోకి వెళ్ళేవాళ్ళకి నగలు, మేకప్ ఎలాగూ నిషేధం. చాలా చోట్ల సెంటు కూడా అదే లెక్కలోకి వస్తుంది. మందు కలుషితం కాకూడదని పెట్టిన నియమం అది. అంటే వేల మంది కుర్రాళ్ళు, అమ్మాయిలు ఎండాకాలం పగలంతా సెంటు లేకుండానే పని చేస్తారు. షిఫ్ట్ దిగాక బస్సెక్కే ముందు సంచిలోంచి చిన్న సీసా తీసి ఒక్కసారి చొక్కా మీద కొట్టుకునేవాళ్ళని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎనిమిది గంటలు కంపెనీ వాసనలో ఉండి, ఇప్పుడు నా వాసనలోకి వచ్చాను అని చెప్పుకోవడం అది.

మూత ఎవరి చేతిలో ఉంది?

ఫార్మాసిటీని ఆనుకుని తాడి అని ఒక ఊరుంది. పేరు వింటే తాటిపండు గుర్తొస్తుంది, నిప్పుల మీద కాల్చిన పండు వాసన ముక్కుకి తగులుతుంది. ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి ఒకటే అడుగుతున్నారు. ఈ గాలిలో, ఈ నీళ్ళతో ఉండలేం, మమ్మల్ని ఇంకోచోటికి తరలించండి అని. ధర్నాలు చేశారు, నాయకులు వచ్చారు, హామీలు విన్నారు.

సెంటు గురించి రాస్తూ ఈ ఊరి మాట ఎందుకంటే, సెంటుకీ ఆ గాలికీ ఉన్న తేడా రసాయనంలో లేదు. ఎస్టర్ ఎక్కడైనా ఎస్టరే. తేడా అంతా ఎంచుకోవడంలో ఉంది. నా మామిడి సెంటు నేను డబ్బులిచ్చి కొన్నది. నచ్చకపోతే మూత పెట్టేస్తా, చొక్కా మార్చుకుంటా, స్నానం చేస్తా. అర్ధరాత్రి కిటికీలోంచి వచ్చే వాసనకి మూత ఎక్కడుందో తాడిలో పడుకున్న ముసలమ్మకి తెలియదు. తెలిసినా ఆమె చెయ్యి అందదు.

కర్మాగారాలు వద్దనడం నాకు చేతకాదు. మా ఇళ్ళల్లో సగం అన్నం అక్కడిదే. మా బావ జీతం అక్కడిదే, మా ఊరి కుర్రాళ్ళ బైకుల ఈఎంఐలు అక్కడివే. కానీ వాసన వస్తోంది అని ఊరివాళ్ళు చెబితే, "మీకు అలవాటైపోతుందిలే" అన్న జవాబు మాత్రం వద్దు. అలవాటైపోవడం అంటే ముక్కు పనిచెయ్యడం మానెయ్యడమేనని ఇందాక చెప్పుకున్నాం.

మరి ఈ వేసవిలో ఎలా వాడాలి?

పండు సెంటు కొట్టుకోండి, తప్పేం లేదు. కాకపోతే ఇవి గుర్తుంచుకోండి.

పగలు రెండుసార్లు చాలు. ఒకటి చొక్కా లోపలి వైపు ఛాతీ దగ్గర, ఒకటి చున్నీ కొసకో కాలర్ వెనక్కో. ఎండ తగిలే మెడ మీద, చేతుల మీద వద్దు. బెర్గమోట్‌లాంటి నిమ్మజాతి నూనెలు కొన్ని ఎండతో కలిస్తే చర్మం మీద నల్లటి మచ్చలు తెస్తాయి. తెల్లబట్టల మీద, పట్టు మీద కొట్టేముందు ఒక మూల పరీక్షించుకోండి.

చెమటకి సెంటు మందు కాదు. చెమటకి స్వతహాగా పెద్ద వాసన ఉండదు, చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని కంపు చేస్తుంది. దానికి సబ్బు, నీళ్ళు, ఉతికిన బనీను. వాటి తరవాతే పైనాపిల్.

మన సెంటు మనకి తెలియట్లేదని మళ్ళీ కొట్టుకోకండి. ఇంట్లో ఎవరినైనా అడగండి. "ఏటి, ఇంకా వొస్తందా?" అంటే నిజం చెప్పేది వాళ్ళే.

సీసాని బైకు డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డ్ మీద వదలొద్దు. అందులో ఎక్కువ భాగం ఆల్కహాల్. గ్యాస్‌తో వచ్చే డియో డబ్బాలు ఇంకా ప్రమాదం. చాలావాటిలో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్, అంటే మన సిలిండర్ జాతి గ్యాసే, హెచ్చరిక వాసన లేకుండా. 50 డిగ్రీలు దాటే చోట పెట్టొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మూసిన కారులో అంత వేడి మామూలే. కొట్టుకున్న వెంటనే స్టవ్ దగ్గరికి, సిగరెట్ దగ్గరికి వెళ్ళకండి.

షేర్ ఆటో, కంపెనీ బస్సు, ఆస్పత్రి, గర్భిణులు ఉన్న ఇల్లు, ఆస్తమా ఉన్నవాళ్ళ పక్క సీటు. ఈ చోట్లకి వెళ్ళేటప్పుడు రెండు కాస్తా ఒకటి చెయ్యండి, లేదా మానెయ్యండి. మీ సీసాకి మూత మీ చేతిలో ఉంది గానీ, వాళ్ళ ముక్కులకి మూతల్లేవు.

డ్యూటీకి వెళ్ళేవాళ్ళు వెళ్ళేటప్పుడు వద్దు. వచ్చేటప్పుడు హాయిగా కొట్టుకోండి.

చివరిది పరవాడ వాళ్ళకి ప్రత్యేకం. పొద్దున్నే సీసా మూత తియ్యడానికి ముందు వీధి గుమ్మంలోకి వచ్చి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చండి. ఇవాళ గాలి ఎలా ఉందో చూడండి. తేడాగా ఉంటే ఏ టైముకి, ఎటు గాలికి, ఎలాంటి వాసనో ఫోన్‌లో రాసిపెట్టుకోండి, పక్కింటివాళ్ళని కూడా అడగండి. ఊరందరి ఫోన్లలోనూ అదే తేదీ, అదే టైము ఉంటే అధికారులకి ఇవ్వడానికి అంతకంటే మంచి కాగితం ఉండదు. గాలి మామూలుగా ఉంటే ఇంకేం, మామిడి కొట్టుకుని బయల్దేరండి.